రైల్లో కూర్చుని తినడానికి నాలుగు కుర్చీలు వేయించండి

సంపాదకుల వారికి నమస్కారం.

రైలు భోజనం మీద మీ పత్రికకు వచ్చే ఉత్తరాలు వదలకుండా చదువుతాను. పప్పు నీళ్లలా ఉందని ఒకరు, పెరుగు పులిసిందని ఇంకొకరు, ప్లేటులో బొద్దింక వచ్చిందని మరొకరు. నిజమే, కాదనను. కానీ అందరూ రుచి గురించీ శుభ్రత గురించే రాస్తున్నారు. ఆ భోజనం ఎక్కడ కూర్చుని తినాలో ఎవరూ అడగడం లేదు. నేను అడగదలచుకున్నది అదే.

మాది తెనాలి. ముప్పై ఒక్కేళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మా అబ్బాయి ఉద్యోగం ఢిల్లీలో. ఏడాదికి రెండుసార్లు నేనూ మా వారూ వెళ్లి వస్తుంటాం. విమానం ఆయనకు పడదు, చెవులు దిబ్బడేస్తాయంటారు. అసలు సంగతి టికెట్ ధర అని నాకు తెలుసు. విజయవాడలో మధ్యాహ్నం ఎక్కితే మర్నాడు సాయంత్రానికి ఢిల్లీ. రాత్రికి పులిహోర, చపాతీలు ఇంటి దగ్గరే కట్టుకుంటాను. మొన్నటి ప్రయాణంలో మాత్రం మా ఆడపడుచు కొడుకు పెళ్లి నుంచి నేరుగా స్టేషన్‌కు రావాల్సి వచ్చింది. చేతిలో పెళ్లివారు పెట్టిన లడ్డూల డబ్బా తప్ప ఇంకేం లేదు. షుగరు మనిషికి లడ్డూలు!

ఆయన రాత్రి ఎనిమిదింటికి ఇన్సులిన్ వేసుకుంటారు. వేసుకున్న అరగంటలోపు తినాలి. వరంగల్ దాటగానే ప్యాంట్రీ కుర్రాడు వచ్చి రెండు వెజ్ భోజనాలు రాసుకున్నాడు. సంగతి చెప్పాను. "ఎనిమిదికల్లా తెచ్చేస్తానమ్మా" అన్నాడు. ఎనిమిదికి మళ్లీ కనబడి, పక్క బోగీలో పంచుతున్నారు, వచ్చేసినట్టే అన్నాడు. నమ్మి సూది వేసేశాం. ఎనిమిదిన్నర అయింది, తొమ్మిది అయింది. భోజనం జాడ లేదు. తొమ్మిదింబావుకి ఏసీలో కూర్చున్న మనిషికి మెడ కింద చెమటలు పట్టాయి. చేతులు వణికాయి. నేనేదో అడిగితే ఇంకేదో జవాబు చెప్పారు. ఎదురు సీటు అమ్మాయి వాళ్ల నాన్నకూ షుగరేనట. నా కంటే ముందు ఆ పిల్లే కనిపెట్టి, "ఆంటీ, ముందు తీపి పెట్టండి" అంది. ఆయన ముట్టకూడదని సీటు కింద దాచిన లడ్డూలే ఆ రాత్రి ఆయన్ను కాపాడాయి.

భోజనం తొమ్మిది నలభైకి వచ్చింది. అప్పటికే మధ్య బెర్తు ఆయన పడక వేసేశాడు. రాత్రి పదింటి దాకా వేయకూడదని రూలుంది, నాకు తెలుసు. కానీ ఆయన కాలికి కట్టుతో ఉన్నాడు, ఏం అడుగుతాం? ఇక మా భోజనం చూడాలి. మధ్య బెర్తు కింద తల నిటారుగా పెట్టే వీల్లేదు. మెడ వంచి, ఒళ్లో దిండు, దిండు మీద పళ్లెం. అల్యూమినియం డబ్బా మూత అంచులు ఊడదీస్తుంటే బండి కుదిపింది, పప్పు సగం రైల్వే వారి తెల్ల దుప్పటి మీద పడింది. చేతులు కడుక్కోవడానికి ఒకరి చెప్పుల మీదుగా, ఇంకొకరి సామాను మీదుగా వెళ్లాలి. లైటు ఆర్పమని పైబెర్తు వాళ్లు. మా వారు రెండు ముద్దలు తిని చాలన్నారు.

ఒక్కో భోజనానికి 130 తీసుకున్నారు. రైల్వే వారు పెట్టిన ధర ప్రకారం రైల్లో సాధారణ వెజ్ భోజనం 80 రూపాయలు. అందులో ఏమేం ఉండాలో తూకంతో సహా చెప్పారు: అన్నం 150 గ్రాములు, పప్పో సాంబారో 150, కూర 100, రెండు పరాఠాలు లేదా నాలుగు చపాతీలు కలిపి 100, పెరుగు 80, పచ్చడి 12 గ్రాములు. (తెనాలి మనిషికి 12 గ్రాముల ఆవకాయ వడ్డించాలని ఎవరికి తోచిందో గానీ, అది వేరే ఉత్తరం.) బిల్లు అడిగితే, మెషీన్ మేనేజర్ దగ్గరుందన్నాడు కుర్రాడు. బిల్లు ఇవ్వకపోతే డబ్బు ఇవ్వక్కర్లేదని రైల్వే వారే ప్రకటించారు. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయొచ్చనీ తెలుసు. చేయలేదు. అన్నేళ్లు పిల్లలకు హక్కులు, బాధ్యతలు పాఠం చెప్పినదాన్ని, సిగ్గుగానే ఉంది. కానీ రెండు చేతుల్లో పన్నెండు పళ్లాలు పేర్చుకుని తలుపు మోకాలితో నెట్టుకుంటూ పోయే ఆ పిల్లాణ్ణి చూస్తే నోరు రాలేదు.

రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున ఏడున్నరకు మళ్లీ సూది. ఈసారి టిఫిను చేతికి వచ్చాకే సూది అని గట్టిగా అనుకుని, బండి ఇటార్సీలో కదలగానే స్టీలు డబ్బా పట్టుకుని నేనే బయల్దేరాను. ఆరు బోగీలు దాటాలి. బోగీకీ బోగీకీ మధ్య ఇనప పలకలు కాళ్ల కింద కదులుతుంటే ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని నడిచాను. ప్యాంట్రీ బోగీ మొదట్లోనే నడవాలో అట్టపెట్టెలు పరుచుకుని ముగ్గురు పడుకుని ఉన్నారు. రాత్రి మాకు భోజనం తెచ్చినవాడు వాళ్లలో ఒకడు. అలికిడికి లేచి నన్ను గుర్తుపట్టాడు. తెలుగు పిల్లాడే, పలాస దగ్గర ఊరట. మొదటిమాటే "అయ్యగారికి ఎలాగుందమ్మా" అన్నాడు. ఎవరో చెప్పారట. తర్వాత నీళ్ల సీసాల ప్లాస్టిక్ డబ్బా ఒకటి తిరగేసి, దాని మీద తన తువ్వాలు పరిచి, "కూకోండమ్మా, పది నిమిషాల్లో ఉప్మా దిగిపోద్ది" అన్నాడు.

ఆ పది నిమిషాలు మాత్రం నిజంగా పది నిమిషాలే. కిటికీ పక్కన ఆ డబ్బా మీద కూర్చుని టీ తాగుతుంటే బండి నర్మద వంతెన ఎక్కింది. అప్పుడే తెల్లవారుతోంది. నది మీద పొగలాంటి మంచు, నా చేతిలో కప్పులోంచి ఆవిరి. మనం కృష్ణ వంతెన మీద చేసినట్టే లోపల వంటాయన గరిటె పక్కన పెట్టి ఒక్క క్షణం దణ్ణం పెట్టుకున్నాడు. ఇన్నేళ్లలో ఆ నదిని ఎన్నిసార్లు దాటానో, చూడటం అదే మొదటిసారి. ఉప్మా వేడివేడిగా, ఆకు దొప్పలో. ఉప్పు కాస్త ఎక్కువే. అయినా ఢిల్లీ బండిలో నేను మనిషిలా కూర్చుని తిన్న మొదటి టిఫిను అది. డబ్బులు గోడ మీద అంటించిన ధర ప్రకారమే తీసుకున్నారు. మేనేజర్ ఎదురుగా ఉన్నాడు కదా, బిల్లు కూడా ఇచ్చాడు! మెషీన్ రాత్రంతా అక్కడే ఉందన్నమాట.

బెర్తు దగ్గరికి తెచ్చే భోజనం ఆలస్యమవుతుంది, చల్లారుతుంది, ధర పెరుగుతుంది, బిల్లు మాయమవుతుంది. అదే భోజనం వండేచోట తింటే వేడిగా, రాసిన ధరకే దొరుకుతుంది. మధ్యలో లేనిదల్లా కూర్చునే చోటు. అందుకే ఈ ఉత్తరం.

ఒకప్పుడు ఉండేది. మన దక్షిణాదిలో స్పెన్సర్ కంపెనీ వాళ్లు రైల్వే భోజనాలు చూసే రోజుల్లో కొన్ని మెయిల్ బండ్లకు భోజనాల పెట్టె తగిలించేవారు. బల్లల మీద తెల్లగుడ్డలు, పింగాణీ పళ్లేలు. రైల్వేలో గుమాస్తాగా చేసిన మా నాన్నగారు చెప్పేవారు: పెట్టెకూ పెట్టెకూ మధ్య దారి లేని కాలంలో ఒక స్టేషన్‌లో దిగి ఆ పెట్టె ఎక్కి, తిన్నాక తర్వాతి స్టేషన్ వచ్చేదాకా అక్కడే కూర్చోవాలిట. అది దొరల కోసం, డబ్బున్నవాళ్ల కోసం. మా నాన్నగారు అందులో తినలేదు, కిటికీలోంచి చూశారంతే. నేను ఆ వైభోగం అడగడం లేదు. కానీ చిత్రం చూడండి: దారి లేనప్పుడు భోజనాల పెట్టె ఉండేది. ఇప్పుడు బండి ఈ కొస నుంచి ఆ కొస దాకా దారి ఉంది, భోజనాల పెట్టె లేదు.

అసలే లేదంటే అబద్ధమవుతుంది. మా పెద్దమ్మాయి పుణెలో ఉంటుంది. అక్కడి నుంచి ముంబయికి దక్కన్ క్వీన్ ఉంది కదా, 1930 జూన్ 1న మొదలైన బండి. ఏటా ఆ రోజున ప్రయాణికులు దానికి పుట్టినరోజు కూడా చేస్తారు. అందులో ఇప్పటికీ డైనింగ్ కారు ఉంది. 2022లో బండికి ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం పెట్టెలు వేసినప్పుడు కూడా తీసేయకుండా నలభై మంది కూర్చునేలా కొత్తది చేయించారు. అమ్మాయితో వెళ్లి చూశాను. బల్ల, కుర్చీ, పెద్ద కిటికీ. ఖండాలా ఘాట్‌లో సొరంగం తర్వాత సొరంగం దాటుతుంటే చీజ్ టోస్ట్ తిని టీ తాగాం. బాగుంది. కానీ ఆ ప్రయాణం ఎంతసేపు? పొద్దున 7.15కు పుణెలో బయల్దేరితే 10.25కు ముంబయి. మూడు గంటల బండికి భోజనాల పెట్టె, ఒక రాత్రీ రెండు పగళ్లూ నడిచే మా బండికి తిరగేసిన డబ్బా! మన విశాఖ నుంచి అరకు వెళ్లే బండికి 2017లో అద్దాల పెట్టె వేశారు, తిరిగే సీట్లతో. సంతోషమే. అదీ నాలుగు గంటల ప్రయాణమే.

బోగీకి డెబ్బై, ఎనభై బెర్తులు అమ్ముకోవచ్చు, భోజనాల కోసం వాటిని వదులుకుంటారా అని మా అబ్బాయి వాదన. వదులుకోమని నేననడం లేదు. ప్యాంట్రీ బోగీ ఎలాగూ బండితోనే వస్తోంది. దానిలో ప్రయాణికుల బెర్తు ఒక్కటీ లేదు. పొడవు దాదాపు ఇరవై మూడున్నర మీటర్లు. 2017 క్యాటరింగ్ విధానం వచ్చాక వంట ఎక్కువగా స్టేషన్ల దగ్గర బేస్ కిచెన్లలో చేసి బండిలోకి ఎక్కించాలన్నది పద్ధతి. వంట బయట జరిగేటప్పుడు లోపల అంత వంటగది ఎందుకు? ఒక మూలన మూడో వంతు జాగా వేరుచేసి, పొయ్యిల వైపు వెళ్లకుండా అడ్డుగోడ కట్టి, కిటికీల వెంట పొడవుగా ఒక బల్ల, పది పన్నెండు కుర్చీలు వేస్తే చాలు. తినగానే లేవాలని బోర్డు పెట్టండి, లేస్తాం. ధరల పట్టిక ఎదురుగానే ఉంటుంది కాబట్టి 80కి 130 అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు. ఆ పిల్లలకు కూడా పడుకోవడానికి అట్టపెట్టెలు కాకుండా సరైన చోటు చూపించండి.

ఫోన్‌లో పీఎన్ఆర్ కొట్టి హోటల్ భోజనం తెప్పించుకోవచ్చు కదా అంటారు. తెప్పించాం ఒకసారి. బండి గంటన్నర లేటు. నాగపూర్‌లో వాడు మా బోగీ వెతుక్కుంటూ ప్లాట్‌ఫారం అటు కొసకు వెళ్లాడు, మేము ఇటు కొసన. బండి కదిలింది. మా భోజనం నాగపూర్‌లోనే ఆగిపోయింది. అరవై దాటినవాళ్లకు ఆ టెన్షన్ పడదు.

ఇంకొక్క చిన్న విన్నపం. టికెట్ తీసుకునేటప్పుడు వయసు, కింది బెర్తు అన్నీ అడుగుతారు. భోజనం ఏ టైముకు కావాలో కూడా ఒక గడి పెట్టించండి. సూది వేసుకునేవాళ్లు మా బోగీలోనే నలుగురున్నారు, ఆ రాత్రి మాటల్లో తెలిసింది.

దసరా తర్వాత మళ్లీ ఢిల్లీ ప్రయాణం ఉంది. నర్మద మీద టీ తాగిన సంగతి చెప్పినప్పటి నుంచి, పొద్దున్నే తననూ ప్యాంట్రీకి తీసుకెళ్లమని మా వారు ఒకటే పోరు. ఆయనకు మోకాళ్ల నొప్పులు. ఆ డబ్బా ఎత్తు చాలదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
తెనాలి.