మా శాతం ఎలా కట్టారో చెప్పండి: పింఛన్ల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం.

మాది కనిగిరి ప్రాంతం. మండల కేంద్రంలో చిన్న జిరాక్సు షాపు నడుపుకుంటున్నాను. నా కుడి కాలు పోలియో వల్ల దెబ్బతింది. 2025లో జరిగిన దివ్యాంగుల పింఛన్ల రీ వెరిఫికేషన్‌లో నా పింఛను పోలేదు. ఇప్పటికీ గ్రామ సచివాలయం సిబ్బంది ఇంటికి వచ్చి ఇస్తున్నారు. కాబట్టి ఈ ఉత్తరం నా కోసం రాస్తున్నది కాదు. ఆ ఏడాది ఆగస్టులో పింఛను ఆపుతామని నోటీసులు అందుకుని, జిరాక్సు తీయించుకోవడానికో అప్పీలు రాయించుకోవడానికో మా షాపు మెట్లెక్కినవాళ్ల తరఫున రాస్తున్నాను. వాళ్ల కాగితాలు నా చేతుల మీదుగా వెళ్లాయి. వైకల్యం ఎంత శాతమో చెప్పే పాత సదరం సర్టిఫికెట్లు, కొత్త సర్టిఫికెట్లు, నోటీసులు, అన్నీ చూశాను. అన్నిటిలోనూ ఒక్కటే లోపం కనిపించింది. దాని గురించి చెప్పాలనే ఈ ఉత్తరం.

ముందు మంచి మాట చెప్పుకుందాం. 2024 జులై 1న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు పెనుమాకలో ఎన్టీఆర్ భరోసా పింఛన్ల పంపిణీ మొదలుపెట్టిన నాటి నుంచి మా పింఛను 3 వేల నుంచి 6 వేలయింది. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి 5 వేలు కాస్తా 15 వేలయింది. ఇందిరా గాంధీ జాతీయ వికలాంగుల పింఛను కింద కేంద్రం ఇచ్చేది నెలకి 300 రూపాయలు, అదీ 80 శాతం వైకల్యం ఉంటేనే. తెలంగాణలో మావాళ్లకి 4,016 ఇస్తున్నారు. వీటి పక్కన పెట్టి చూస్తే 6 వేలు చాలా పెద్ద సాయం, అందులో ఎవరికీ అనుమానం లేదు. ఆ డబ్బు వస్తుందనే నమ్మకంతోనే కిరాణా కొట్లో మాకు అప్పు పుడుతుంది. అందుకే నోటీసు వచ్చిందని తెలియగానే కొట్టువాడు ఖాతా పుస్తకం తీసి పాత బాకీ ఎంతుందో చెబుతాడు.

దొంగ సర్టిఫికెట్లు లేవని నేను అనను. ఉన్నాయి. బాగా వినపడేవాళ్లకి చెవుడు సర్టిఫికెట్లు ఎలా వచ్చాయో ఊళ్లో అరుగు మీద కూర్చున్న ఎవరినడిగినా చెబుతారు. వాళ్ల పింఛన్లు తీసేయండి, అందరికంటే ముందు సంతోషించేది మేమే. ఎందుకంటే వాళ్ల మూలంగానే ఈరోజు కాలు లాగుతూ నడిచేవాడిని కూడా జనం అనుమానంగా చూస్తున్నారు. కాకపోతే సర్టిఫికెట్ తనంతట తాను పుట్టదు కదా. దాని మీద ఒక డాక్టరు సంతకం ఉంటుంది, ఒక ఆసుపత్రి ముద్ర ఉంటుంది. ఎంతమందికి నోటీసులిచ్చారో చెప్పినట్టే, ఎంతమంది సంతకాల మీద విచారణ జరిపారో కూడా జిల్లాల వారీగా బయటపెట్టండి. ఇచ్చినవాడిని వదిలేసి పుచ్చుకున్నవాడిని మాత్రమే పట్టుకుంటే ఇంకో ఐదేళ్లకి మళ్లీ ఇదే వెరిఫికేషన్ పెట్టాల్సి వస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. నోటీసులో వైకల్యం ఎంత శాతమో చెప్పే అంకె ఒకటి ఉంటుంది. అది 40కి తగ్గితే పింఛను పోతుంది. పాత సర్టిఫికెట్లో 55 ఉన్నవాడికి ఇప్పుడు 35 అని ఉంటుంది. 35 ఎలా వచ్చిందో ఎక్కడా ఉండదు.

ఇది డాక్టరు కంటితో చూసి చెప్పే అంకె కాదు మంత్రి గారూ. దీనికి కేంద్ర ప్రభుత్వం గెజిట్లో ప్రకటించిన లెక్క ఉంది. 2018లో ఒకసారి, 2024 మార్చిలో మరోసారి ఆ మార్గదర్శకాలు వచ్చాయి. కాలి విషయమే తీసుకుంటే కీళ్లు ఎంత వంగుతున్నాయి, కండరానికి ఎంత బలముంది, నిలబడితే నిలకడ ఎంత అన్నవి విడివిడిగా కొలవాలి. కాలు పొట్టిగా ఉంటే మొదటి అర అంగుళానికి ఏమీ రాదు, ఆపైన ప్రతి అర అంగుళానికి 4 శాతం. ఒంట్లో రెండు రకాల వైకల్యాలుంటే రెండు అంకెల్నీ నేరుగా కూడకూడదు. పెద్దదాన్ని అలాగే ఉంచి, 90లో అది పోగా మిగిలిన భాగానికి తగ్గట్టుగా చిన్నదాన్ని తగ్గించి కలపాలి. పదో తరగతి లెక్కల కంటే కష్టమేమీ కాదు. ఒకసారి అర్థం చేసుకున్నాక అప్పీలు రాయించుకునేవాళ్లకి నేనే కాగితం మీద వేసి చూపిస్తున్నాను.

కానీ మా దగ్గర కొలతలు లేవు. టేపు పెట్టి కొలిచారా, కొలిస్తే ఎంత వచ్చింది, మోకాలు ఎన్ని డిగ్రీలు వంగిందని రాసుకున్నారు, రెండో వైకల్యాన్ని లెక్కలోకి తీసుకున్నారా లేదా, ఇవేవీ మాకు ఇవ్వరు. ఇక అప్పీల్లో ఏమని రాయాలి? "అయ్యా, నాకు ఎక్కువ ఉంది" అని రాస్తున్నాం. అంతకుమించి రాయడానికి చేతిలో ఏమీ లేదు. ఆ అర్జీ ఎంపీడీవో ఆఫీసుకి వెళుతుంది. ఎంపీడీవో గారు డాక్టరు కాదు, పాపం ఆయన మాత్రం ఏం చూసి ఏం తేలుస్తారు? మళ్లీ ఇంకో ఆసుపత్రికి పంపిస్తారు. అక్కడ ఇంకో అంకె వస్తుంది. ఎందుకు మారిందో దానికీ లెక్క ఉండదు.

మా ప్రాంతం సంగతి మీకు తెలియనిది కాదు. కనిగిరి చుట్టుపక్కల ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయినవాళ్లు ఇంటికొకరు కనిపిస్తారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, ఫ్లోరోసిస్ పేరు అందులో విడిగా లేదు. కాళ్లూ చేతుల వైకల్యం కిందే లెక్కగట్టాలి. అయితే ఫ్లోరోసిస్ ఒక్క కాలికో ఒక్క చేతికో వచ్చేది కాదు. మెడ సగం తిరుగుతుంది, నడుము సగం వంగుతుంది, మోకాలు సగం ముడుచుకుంటుంది. ఒక్కోదాన్ని విడిగా కొలిస్తే చిన్న చిన్న అంకెలొస్తాయి. అన్నిటినీ కొలిచి కలిపితే ఒక రకం, మోకాళ్లు మాత్రం చూసి పంపిస్తే ఇంకో రకం. మా షాపుకొచ్చిన ఒక పెద్దాయన కింద పడ్డ చిల్లర తీసుకోలేక పక్కవాళ్లని బతిమాలుకున్నాడు. ఆయన నోటీసులో 40 లోపే ఉంది. ఆయనకి నడుము కొలిచారో లేదో ఆయనకే తెలియదు. "పడుకోమన్నారు, లెమ్మన్నారు, పొమ్మన్నారు" అన్నాడు.

మానసిక వ్యాధి ఉన్నవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. వాళ్లకి కొలమానం వేరే. స్నానం, తిండి, నలుగురితో మాట, పని, ఇలాంటివి ఎంతవరకు చేసుకోగలుగుతున్నారో ఇంట్లోవాళ్లని అడిగి, జబ్బు ఎన్నేళ్లుగా ఉందో చూసి వేయాలి. ఒక తల్లి కొడుకుని తీసుకుని మనిషికింత ఆటో బాడుగ పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. మాత్రలు వేసుకుని ఉన్నాడు కాబట్టి ఆరోజు నెమ్మదిగా కూర్చున్నాడు, పేరడిగితే చెప్పాడు. తల్లిని ఒక్క ప్రశ్న అడగలేదట. ఆ మాత్రలు కొనేది పింఛను డబ్బుతోనే. మాత్రలు వేసుకున్నందువల్ల బాగున్నాడని పింఛను తీసేస్తే తరవాత ఏమవుతుందో చెప్పడానికి డాక్టరే అక్కర్లేదు.

15 వేల పింఛను దగ్గర ఇంకో చిక్కుంది. మంచం మీద ఉంటే 15 వేలు. ఫిజియోథెరపీ చేయించుకుని, వాకర్ పట్టుకుని బాత్‌రూం దాకా వెళ్లగలిగితే 6 వేలు. ఒక్కసారిగా 9 వేలు తెగిపోతుంది. ఆ వాకర్ మనిషికి తోడుండేవాళ్లు అవసరం లేదా? మందులు తగ్గాయా? ఆ మనిషిని చూసుకోవడానికి కూలికి పోకుండా ఆగిపోయిన ఇంట్లోవాళ్లు మళ్లీ పనికి పోగలరా? ఏమీ మారలేదు, పింఛను మాత్రం మారింది. ఇలా ఉంటే ఇంటికి వచ్చే డాక్టర్ల ముందు లేచి నిలబడాలంటేనే భయం. కోలుకుంటే నష్టం వచ్చేలా ఏ పథకమూ ఉండకూడదు.

40 శాతం దగ్గర కూడా ఇలాగే నిట్టనిలువు గోడ ఉంది. 40 ఉంటే 6 వేలు, 39 ఉంటే సున్నా. ఒక కన్ను పూర్తిగా పోయినవాళ్లకి మార్గదర్శకాల ప్రకారం వచ్చేది 30 శాతమే. అక్కడ డాక్టరు చేసింది తప్పు కాదు, రూలే అంత. కానీ ఆ 40 గీత మీ పింఛను కోసం పైనుంచి దిగివచ్చింది కాదు. చట్టంలో దివ్యాంగులంటే ఎవరో చెప్పిన చోట శాతమే లేదు. దీర్ఘకాలం ఉండే లోపం, బయటి అడ్డంకులతో కలిసి మనిషిని నలుగురితో సమానంగా బతకనివ్వకపోతే చాలంది. 40 అన్నది కొన్ని ప్రత్యేక హక్కుల కోసం పెట్టింది. వికాస్ కుమార్ కేసులో 2021లో సుప్రీంకోర్టు ఈ తేడానే విడమర్చి చెప్పింది. అది పరీక్షల్లో రాసిపెట్టే మనిషి కోసం వేసిన కేసు, పింఛను కేసు కాదు, ఆ మాట దాచను. అయినా 40 లోపు ఉన్నవాళ్లకి కేంద్రమే తెల్ల రంగు యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డు ఇస్తోంది. అంటే వాళ్లకి వైకల్యం ఉందని ఒప్పుకున్నట్టే కదా. అలాంటివాళ్లలో 60 ఏళ్లు దాటినవాళ్లని వృద్ధాప్య పింఛనుకి మార్చి 4 వేలు ఇస్తామన్నారు, అది కొంత నయం. 45 ఏళ్ల ఒంటికన్ను దర్జీకి, 50 ఏళ్ల నడుము వంగిన కూలికి ఆ దారి కూడా లేదు. 30 నుంచి 39 శాతం దాకా ఉన్న పేదలకి అదే 4 వేల మెట్టు ఒకటి పెట్టండి. ఖర్చవుతుంది, నిజమే. దొంగ సర్టిఫికెట్ల మీద మిగిలే డబ్బు ఎక్కడికి పోవాలో అడిగితే మేం చూపించే చోటు ఇదే.

గొడవలు రేగాక, అప్పీలు చేసుకున్నవాళ్లకి పింఛను ఆపబోమని ప్రభుత్వం చెప్పింది. చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. కానీ నోటీసు చదవడం రానివాళ్లు, అప్పీలు అనేది ఒకటుందని తెలియనివాళ్లు, తీసుకెళ్లే మనిషి లేనివాళ్లు ఉంటారు. అందరికంటే ఎక్కువ అవసరమున్నది వాళ్లకే. అప్పీలు చేసుకోలేదంటే తప్పు ఒప్పుకున్నట్టు కాదు. అలాంటివాళ్ల ఇంటికి సచివాలయం మనిషే వెళ్లి అర్జీ రాయించుకునేలా ఆదేశం ఇవ్వండి. ఒకటో తారీఖున పింఛను ఇవ్వడానికి గుమ్మం దాకా వచ్చేవాళ్లకి ఇది పెద్ద పనేం కాదు.

తర్వాతి విడత పరీక్షలు మొదలయ్యేలోపు ఒక్క జీవో చాలు. ఏ ఏ భాగాన్ని కొలిచారు, కొలత ఎంత, ఏ సూత్రంతో కలిపారు, కొలిచిన డాక్టరు ఎవరు, ఇవన్నీ ఉన్న లెక్క కాగితం తెలుగులో, శాతంతో పాటు ప్రతి ఒక్కరి చేతికీ ఇవ్వాలి. చూపు లేనివాళ్లకి చదివి వినిపించాలి. ఆ కాగితం అందనిదే అప్పీలు గడువు మొదలవకూడదు, అప్పీలు తేలనిదే పింఛను ఆగకూడదు. ఇప్పటికే 2025లో నోటీసు అందుకున్నవాళ్లకి కూడా వాళ్ల పాత కొలతల కాగితాలు ఇప్పించండి. ఆసుపత్రుల్లో రాసి ఉంటే ఇవ్వడానికి ఇబ్బంది ఉండదు. రాసి లేకపోతే ఆ అంకెని పక్కన పెట్టి మళ్లీ కొలవమనండి.

ఇట్లు,
జిరాక్సు షాపు నడుపుకునే ఒక పింఛనుదారు,
కనిగిరి ప్రాంతం