ఆదివారం లాబ్‌కి వచ్చే ముందు ఇది చూసుకోండి

అందరికీ నమస్తే. ఆదివారం ఉదయం 10కి నెల్లూరులో మన మామూలు గదిలోనే. కావలి నుంచి వచ్చేవాళ్లు ట్రైన్ లేటైతే ఇక్కడ ఒక మాట వేయండి.

ఉబుంటులో (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక రకం) ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించే ముందైనా, దాన్ని ఎక్కించే కమాండ్ 'ఆప్ట్ ఇన్‌స్టాల్' పక్కన 'డ్యాష్ ఎస్' (-s) పెట్టి కొట్టండి, నిజంగా ఏమీ ఎక్కదు, దాంతోపాటు ఏమేం వస్తాయో, ఏమేం పోతాయో మాత్రం చూపిస్తుంది. 'రిమూవ్డ్' అన్న వరుస కింద పేర్లు కనిపిస్తే అక్కడే ఆగి స్క్రీన్‌షాట్ పెట్టండి. పోయినసారి నేను చదవకుండా 'వై' (అంటే సరే అని) కొట్టేసి డెస్క్‌టాప్ మొత్తం పోగొట్టుకున్నా, నల్ల స్క్రీన్ చూస్తూ చల్లారిన టీ తాగా!

పైథాన్ వాళ్లు పిప్‌లో (పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే టూల్) ఇలాగే ఎక్కించకుండా చూడ్డానికి 'డ్రై రన్' (--dry-run) వాడండి, 22.2 వెర్షన్ కంటే పాత పిప్‌లో అది ఉండదు.

ఇలా వచ్చిన మీ లిస్టులు శనివారం రాత్రికల్లా గ్రూప్‌లో పడాలి. చార్జర్ మర్చిపోవద్దు, అక్కడ ఉన్నది ఒక్కటే, అదీ నాదే.