బురద ఆరకముందే

రాజమహేంద్రవరం,
ఆదివారం రాత్రి.

ఒరేయ్ శీనూ,

నీ థార్ ఫొటో చూశాను. తెల్ల బండి కొన్నావని గుర్తు. ఇప్పుడది ఇటుకల బట్టీలోంచి లాగినట్టుంది. అనంతగిరి వెనక దారుల్లో వాగు దాటామని, చక్రాలు సగం పైగా మునిగాయని రాశావు కదా, చదువుతుంటే కుళ్లు పుట్టిందిరా, అబద్ధమెందుకు. తర్వాత చెల్లెమ్మ ఫోన్ చేసి అసలు సంగతి చెప్పింది. "అన్నయ్యా, వచ్చి నాలుగు రోజులైంది. కడగమంటే కడగరు. పార్కింగ్‌లోకి దిగినవాళ్లందరికీ చూపిస్తున్నారు" అంది. ఫోన్లో తిడితే సగంలో నవ్వి పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నా.

బురద ఆరి రాయి కాకముందే కడగాలి, ఆ అవకాశం ఎలాగూ పోయింది. రేపు పొద్దున్నే వాటర్ వాష్‌కి తోలేద్దామనుకుంటున్నావేమో, అదీ వద్దు. ఎందుకో నా కథ విను.

మూడేళ్ల కిందట మన పాత జీపేసుకుని మారేడుమిల్లి వెళ్లాను గుర్తుందా? గుడిసె కొండ ఎక్కి, దిగేటప్పుడు రెండు వాగులు దాటాం. మర్నాడే వాష్‌కిచ్చాను. నాలుగొందలు తీసుకుని అద్దంలా చేసిచ్చారు, టైర్లకి నల్లరంగు కూడా పూశారు. నేను మురిసిపోయాను. రెండు నెలలు తిరక్కుండా యాభై స్పీడు దాటితే వెనక నుంచి కుయ్యిమని ఏడుపు మొదలైంది. మా మెకానిక్ బాబాయ్ కిందకి దూరి క్రౌన్, అదే ఇరుసు మధ్యలో గేర్లుండే గుండ్రటి డబ్బా, దాని ప్లగ్ తీశాడు. నల్లగా, చిక్కగా రావాల్సిన ఆయిల్ పాలు ఎక్కువైన కాఫీలా కారింది. బేరింగులు, లోపలి క్రౌన్, పినియన్ గేర్లు అన్నీ పోయాయి. కూలితో కలిపి 22 వేలు. మీ వదినకి మాత్రం తొమ్మిదని చెప్పాను, ఈ ఉత్తరం చెల్లెమ్మ చేతికి దొరక్కుండా చూడు.

నీళ్లెలా వెళ్లాయంటావా? అంత దూరం నడిచొచ్చిన ఇరుసు వేడెక్కి ఉంటుంది. చల్లటి వాగులోకి దిగ్గానే లోపలి గాలి ముడుచుకుంటుంది. ఆ లోటు తీరడానికి పైన బ్రీదర్ అని చిన్న దారి ఉంటుంది. అది బురదతో పూడుకుపోతే, ఇరుసు ఆయిల్ సీల్ (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు చుట్టు) అంచుల్లోంచి నీళ్లు పీలుస్తుంది. నీ థార్ 650 మిల్లీమీటర్ల నీళ్లలో పోతుందని కంపెనీయే చెప్పిందంటావు, నిజమే. కానీ చక్రం సగం మునిగిందంటే ఇరుసు మునిగినట్టే కదరా. దానికి అంత లోతు కూడా అక్కర్లేదు.

కాబట్టి నీ మొదటి పని ఇదే. బండిని రాత్రంతా చదునైన చోట కదలకుండా ఉంచు. నీళ్లు బరువు కాబట్టి ఆయిల్ కిందకి దిగి కూర్చుంటాయి. పొద్దున్నే క్రౌన్ కింది ప్లగ్‌ని కొంచెం వదులు చెయ్యి. తొలి చుక్కలు నీళ్లయితే దొరికిపోయినట్టే. కాఫీ రంగులో వచ్చినా అంతే, మొత్తం మార్పించెయ్. ముందు క్రౌన్, వెనక క్రౌన్, గేర్ బాక్స్, ముందు వెనక ఇరుసులకి బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్, నాలుగూ చూడాలి. ఒక జాగ్రత్త. కింది ప్లగ్ ముట్టుకునే ముందు, కొత్త ఆయిల్ పోసే పై ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకో. నేను కింది నుంచి ఆయిలంతా వదిలేసి, పై ప్లగ్ తుప్పుపట్టి రాకపోతే పానా పట్టుకుని అరగంట దాన్ని బతిమాలాను.

ఇక కడగడం. నా మాట విని మొదటిసారైనా నువ్వే కడుగు. వాష్ కుర్రాడికి మెరుపు కావాలి, నీకు కావాల్సింది దెబ్బ ఎక్కడ తగిలిందో తెలియడం. పై రంగు సంగతి చివర్లో చూసుకుందువు గానీ, ముందు కింద నుంచి మొదలుపెట్టు. బండి తిరిగొచ్చిన వేడి మీద ఉంటే చల్లారనివ్వు, కాలుతున్న బ్రేకు డిస్కుల మీద చన్నీళ్లు కొడితే వంకరపోతాయి. ఎండిన మట్టిని గోకొద్దు, నానబెట్టు. తోటలో గడ్డికి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ ఉంటుంది చూడు, దాన్ని బండి కిందకి తోసి పంపు తిప్పి టీ తాగిరా. అరగంటకోసారి దాన్ని జరుపు, చాలు. అపార్ట్‌మెంట్‌లో నీళ్ల గొడవంటావు, అయితే ఈ శనివారం మీ నాన్నగారి తోటకి తీసుకెళ్లు. కొబ్బరి మొదళ్లకి నీళ్లూ పెట్టినట్టవుతుంది, ఆయనా సంతోషిస్తారు.

మట్టి దాక్కునే చోట్లు కొన్ని ఉంటాయి. ఛాసిస్ పట్టీలకి నీళ్లు పోవడానికి కన్నాలుంటాయి, అవి పూడితే లోపలి తడి ఆరదు, తుప్పు లోపలి నుంచి తింటుంది. ఒక తీగతో పొడిచి, ఎర్రనీళ్లు ఆగి తేటనీళ్లు వచ్చేదాకా పైపు పెట్టు. ఇంజిన్ కింది రక్షణ రేకు మీద కూడా తట్టెడు మట్టి కూర్చుంటుంది. రేడియేటర్‌కి మాత్రం ప్రెషర్ గన్ పెట్టావో చేతులు విరగ్గొడతా. ఆ రేకులు కాగితంలాంటివి, పడుకున్నాయంటే గాలి ఆడదు. ఇంజిన్ వైపు నుంచి బయటికి, సన్నటి ధారతో కొట్టు. ఆల్టర్నేటర్, వైర్ల కనెక్టర్లు, ఆయిల్ సీళ్లు, వీటి దరిదాపుల్లోకి కూడా గన్ తేవద్దు.

గడ్డి సంగతి మర్చిపోయేవాణ్ణి. గుడిసె పైన మోకాలెత్తు గడ్డిలో తిరిగాక ఘాట్ దిగుతుంటే ఏదో మాడిన వాసన. ముందు బ్రేకులనుకున్నాను. ఆపి కిందకి దూరితే సైలెన్సర్‌కీ రేకుకీ మధ్య గడ్డి చిక్కుకుని పొగలు కక్కుతోంది. బాటిల్ నీళ్లు పోసి లాగేశాను. నీది డీజిల్, పైగా కొత్త తరం. దాని పొగగొట్టంలో మసిని కాల్చే ఫిల్టర్ ఉంటుంది, అది పని మొదలెడితే లోపల సుమారు 600 డిగ్రీలు. ఎండు గడ్డి అక్కడుంటే ఇంకేం చెప్పను? ఇరుసుని తిప్పే పొడుగు కడ్డీ, ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి చుట్టుకున్న పీచు, తీగలు కూడా చాకుతో కోసి తీసెయ్, వదిలేస్తే సీల్ కోసేస్తాయి.

తిరిగొచ్చేటప్పుడు ఎనభైలో స్టీరింగ్ వణికిందన్నావు. అలైన్‌మెంట్ షాపుకి పరిగెత్తకు. రిమ్ముల లోపలి వైపు ఎండిన మట్టి ముద్దలుంటాయి, అవి పోతే సగం వణుకు పోతుంది. అప్పటికీ ఉంటే ఆలోచిద్దాం. టైర్ల పక్క గోడలు చేత్తో తడుముతూ చూడు, లోపలి వైపు కూడా. కోతలు, బుడిపెలు కంటికంటే చేతికి బాగా దొరుకుతాయి. గాలి తగ్గించి నడిపి ఉంటే మళ్లీ పూర్తిగా నింపు, స్టెప్నీకి కూడా.

జాకీ ఎత్తినప్పుడు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు. లొడలొడ అంటే బేరింగో, బాల్ జాయింటో. వెనక బ్రేకు డ్రమ్ములు విప్పించు, అందులో బురద చేరితే లైనర్లని ఆకురాయిలా అరగదీస్తుంది. ముందు చక్రాల దగ్గర షాఫ్టులకి రబ్బరు తొడుగులుంటాయి, ఒక్క చీలిక ఉన్నా లోపలి గ్రీజు పోయి ఇసుక చేరుతుంది. తొడుగు ఖర్చు చిన్నదే, జాయింట్ పోతే మాత్రం ఏడుస్తావు. గ్రీజు ఎక్కించే చిన్న మొనలు (నిపుల్స్) ఎక్కడున్నా పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొత్తది కొట్టించు. వాష్ అయ్యాక కింద డీజిల్ కొడతామంటారు, మెరుస్తుందని. వద్దను. రబ్బరు బుష్‌లు ఉబ్బి పాడవుతాయి, మీద దుమ్ము ఇంకా అంటుకుంటుంది.

లోపల కార్పెట్లు ఎత్తి కింద తడి ఉందేమో చూడు, లేకపోతే వారంలో ఎండుచేపల బుట్ట వాసనొస్తుంది. ఎయిర్ ఫిల్టర్ తడిస్తే మార్చెయ్. అన్నీ అయ్యాక ఒక కిలోమీటరు నెమ్మదిగా, మధ్యమధ్యలో బ్రేకు తొక్కుతూ తిప్పి తీసుకురా, లైనర్లు ఆరతాయి. ఆ రాత్రి హ్యాండ్ బ్రేక్ వెయ్యకు, తడికి పట్టేస్తుంది. గేర్లో పెట్టి చక్రాలకి రాళ్లు పెట్టుకో.

చలికాలంలో ఇటు రా, గుడిసెకి రెండు బళ్లూ వేసుకుని పోదాం. ఈలోగా క్రౌన్ ఆయిల్ ఏ రంగులో వచ్చిందో ఫొటో పెట్టు. ఈసారి బండి ముందు నుంచుని కాదు, కింద పడుకుని తియ్యి.

నీ,
రాంబాబు