తాలింపు పొగ ఎటు పోతుంది?

చిన్నీ,

ఇక్కడ అందరం బాగున్నాం. మార్కెట్లోకి అనపకాయలు దిగాయి. మీ నాన్న ఒక్కళ్లే సంచెడు మోసుకొచ్చారు. పితికిపప్పు నీకిష్టమని గింజలు నానేసి పితుకుతూ కూర్చున్నానా, సునంద పిన్ని ఫోన్. నువ్వు క్వార్టర్స్ ఖాళీ చేసి కొండ తొలిచి కట్టిన ఇంట్లోకి మారావట! అడిలైడ్‌లో వాళ్లబ్బాయికి తెలిసిన సంగతి ఇంట్లో మాకు తెలియదు. నీ దగ్గర్నుంచి "బాగున్నా, డ్యూటీ ఎక్కువ" అన్న మెసేజే తప్ప మాట లేదు.

సరే, ఆ సంగతి వదిలేద్దాం. ఆస్ట్రేలియాలో మీ ఊరు కూబర్ పెడీలో సగం మందికి పైగా అలాంటి ఇళ్లలోనే ఉంటారని నాన్న చదివి చెప్పారు. బయట 45 డిగ్రీల ఎండ కాసినా లోపల 23, 25 మధ్యే ఉంటుందట, ఏసీ అక్కర్లేదట. వాన పడటమే అరుదు కాబట్టి గోడలకు చెమ్మ కూడా పట్టదు. 2022 సెప్టెంబర్‌లో ఇక్కడ బెంగళూరులో బేస్‌మెంట్లలో కార్లు మునిగాయి చూడు, ఆ భయం నీకు లేదు. అంతవరకు సంతోషమే. కానీ కిటికీ లేని వంటింట్లో ఎండుమిరపకాయల తాలింపు పెడితే ఆ పొగ ఎటు పోతుంది? పైకి గొట్టం ఉంటుందంటున్నారు నాన్న. అది దుమ్ముతో పూడుకుపోలేదు కదా? చూశావా? నైట్ డ్యూటీ చేసొచ్చి పగలంతా లోపలే పడుకుంటే ఒంటికి ఎండ ఎప్పుడు తగులుతుంది? రోజూ కాసేపు పొద్దుటి ఎండలో నిలబడు. ఉతికిన బట్టలు లోపల ఆరేయకు.

కోలార్ బంగారు గనుల దగ్గర మారికుప్పంలో మా చిన్నప్పుడు గనిలో రాయి పగిలితే పైన ఇళ్లలో గిన్నెలు కదిలేవి. ఓ రాత్రి తాతయ్య షిఫ్ట్‌లో ఉండగా అటక మీది ఇత్తడి చెంబు దొర్లి కిందపడింది. అమ్మమ్మ జుట్టు ముడైనా వేసుకోకుండా నా చెయ్యి పట్టుకుని గనిలోకి దిగే షాఫ్ట్ దగ్గరికి పరుగెత్తింది. మా కార్మికుల ఇళ్ల లైన్లో ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు. మనుషుల్ని పైకి తెచ్చే కేజ్ వచ్చిన ప్రతిసారీ అందరి మొహాలూ దుమ్ము కొట్టుకుని ఒకేలా ఉండేవి. పేరు పెట్టి పిలవాలి, వాళ్లు పలకాలి. తాతయ్య తెల్లారాక వచ్చారు. ఆయన పనిచేసేది వేరే లెవెల్లోనట, గోరంత దెబ్బ కూడా తగల్లేదు. "నాకేమైందని వచ్చావ్?" అని కసిరారు. అమ్మమ్మ ఏమీ అనలేదు, ఆ రోజు పొయ్యి కూడా వెలిగించలేదు. ఆ తర్వాత తాతయ్య షిఫ్ట్ దిగగానే ఎవరో ఒకరి చేత "పైకొచ్చాను" అని కబురు పంపేవారు. టీ అయినా ఆ తర్వాతే.

నీది మూడు కిలోమీటర్ల లోతు గని కాదు, పక్కా ఇల్లు. నాకు తెలుసు. అయినా ఆ ఊరి చుట్టూ 1915 నుంచి ఒపల్ రాళ్ల కోసం తవ్విన గుంతలున్నాయట. వెనక్కి నడవొద్దని బోర్డులే పెట్టారట. ఫొటోలు తీసుకుంటూ వెనక్కి అడుగులేయకు. చీకటి పడ్డాక ఒక్కదానివే నడిచి వెళ్లకు, ఎవరినైనా తోడు పిలుచుకో.

ఆ రాళ్ల మధ్య ఫోన్ సిగ్నల్ అందకపోతే గుమ్మం బయటికొచ్చి చెయ్యి. నువ్వు డ్యూటీ దిగేసరికి మాకు ఏ వేళైనా పర్లేదు, నాన్న నిద్రపోతున్నా లేపుతాను. వీడియో కాల్ అయితే ముందు ఆ వంటింటి గొట్టం చూపించు.

అమ్మ