బండి లోపాన్ని నా మీదికి నెట్టిన మీ తనిఖీ రిపోర్టు గురించి ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ షోరూమ్‌లో కొన్న సెకండ్ హ్యాండ్ 650 సీసీ బైక్, తప్పుడు తనిఖీ రిపోర్టు, బండి వాపసు గురించి.

నమస్తే.

ఇప్పటిదాకా చిన్న బండ్లే నడిపిన నేను ట్విన్ సిలిండర్ (రెండు సిలిండర్ల) 650 కోసం మీ దగ్గరికి వచ్చాను. విడిగా అమ్మేవాళ్ల దగ్గర ఇంకా తక్కువకే దొరుకుతుందని తెలుసు. అయినా మిమ్మల్ని ఎంచుకోవడానికి కారణం మీ ప్రకటన: కొత్త రైడర్లకు భరోసా, నిపుణులు తనిఖీ చేసిన బండ్లు అని అందులో ఉంది. ఆ తనిఖీ అసలు జరగలేదు, జరిగినా చూసింది చూసినట్టు రాయలేదు అన్నదే నా ఫిర్యాదు.

బండి ఇంటికి తెచ్చినప్పటి నుంచీ నెమ్మదిగా వెళ్లేటప్పుడు తిన్నగా పోదు. ట్రాఫిక్‌లో హ్యాండిల్ ఒక పక్కకి పోతుంది, సరిచేస్తే రెండో పక్కకి పోతుంది. మలుపులో ముందు వంగనని మొరాయించి, ఆ తర్వాత ఒక్కసారిగా వాలిపోతుంది. మీ సర్వీస్ విభాగానికి ఫోన్ చేస్తే, "రెండు వందల కేజీల బండి సార్, మీకు కొత్త కదా, అలవాటవుతుంది" అన్నారు. మళ్లీ చేస్తే మళ్లీ అదే మాట. ఇంకో ఉద్యోగి అయితే ట్రైనింగ్ క్లాసులో చేరమని సలహా ఇచ్చారు. చేరాను కూడా. అక్కడి ట్రైనర్ నా బండి ఎక్కి ఒక రౌండ్ తిరిగొచ్చి, "ముందు దీని కోన్‌సెట్ చూపించండి" అన్నారు. కోన్‌సెట్ అంటే హ్యాండిల్ తిరిగేచోట ఉండే బేరింగుల జత.

బయట మెకానిక్ ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పి చూపించాడు. సరిగ్గా మధ్యలో టక్కున పట్టేస్తోంది. బేరింగ్ ట్రాక్ మీద గుంటలు పడ్డాయి. మామూలుగా నడుస్తున్న బండి హ్యాండిల్ తనంతట తాను కొద్దికొద్దిగా కదులుతూ బ్యాలెన్స్ చూసుకుంటుంది. గుంటలో ఇరుక్కున్న హ్యాండిల్‌కి ఆ వీలుండదు. మనం బలంగా తిప్పాలి, తిప్పితే అవసరానికి మించి తిరుగుతుంది. ఇది కనిపెట్టడానికి యంత్రాలేమీ అక్కర్లేదు, ఒక స్టాండు, రెండు చేతులు చాలు. మీ రిపోర్టులో మాత్రం "స్టీరింగ్: ఓకే" అని టిక్కు ఉంది.

టైర్ల సంగతీ ఇంతే. రెండింటి మీదా 3817 అని అచ్చు ఉంది, అంటే 2017లో 38వ వారంలో తయారైనవి. 2018 మోడల్ బండికి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన టైర్లే ఇంకా తిరుగుతున్నాయన్న మాట. రబ్బరు గట్టిపడిపోయింది, వెనక టైరు మధ్యలో చదునైపోయింది. మలుపులో బండి మొరాయించడానికి ఇది ఇంకో కారణం. రిపోర్టులో "టైర్లు: 70 శాతం" అని రాశారు, అంటే టైరు గాళ్ల లోతు ఇంకా అంత మిగిలి ఉందని. అంచుల దగ్గర కొలిస్తే అంత వస్తుందేమో, మధ్యలో కొలిస్తే రాదు.

"ప్రమాదం జరగలేదు" అని కూడా రాశారు. క్లచ్ లివర్ వెలిసిపోయి ఉంది, బ్రేక్ లివర్ మాత్రం కొత్తది. కుడివైపు ఫుట్‌రెస్ట్, హ్యాండిల్ చివరి బరువు కూడా కొత్తవే, అంటే బండి కుడివైపు పడి ఉండాలి. హ్యాండిల్ మరీ తిరగకుండా ఫ్రేమ్ మీద ఉండే స్టాపర్ ఒకవైపు నొక్కుకుపోయింది. స్టాండు మీద నుంచి ఒరిగిపోతే లివర్ వంగుతుంది, స్టాపర్ మామూలుగా ఈ స్థితికి రాదు. నేను చూడటానికి వచ్చేసరికి ఇంజిన్ ఎందుకు వేడిగా ఉందో కూడా మీరే చెప్పాలి, ముందే వేడిచేసి ఉంచితే చల్లటి ఇంజిన్ స్టార్ట్ అవడంలో ఇబ్బంది ఉన్నా బయటపడదు.

అనుభవమున్న రైడర్‌కి ఈ బండి ఇచ్చి ఉంటే మీ గేటు దగ్గరి నుంచే వెనక్కి తిప్పేవాడు. కొత్తవాడికి పోల్చుకోవడానికి ఇంకో పెద్ద బండి ఉండదు. హ్యాండిల్ పట్టేస్తే తన చేతులు బిగుసుకున్నాయనుకుంటాడు, బండి వాలిపోతే తనకి ధైర్యం చాలడం లేదనుకుంటాడు. నేను టెన్షన్‌తో సందులో మలుపు తిప్పడమే మానేశాను. తనిఖీ రిపోర్టుకి డబ్బు ఇచ్చేది ఇలాంటివాళ్లే. దాన్ని చూడకుండా నింపితే ఎక్కువ నష్టపోయేదీ వాళ్లే.

ఇంకో మాట. నేను ట్విన్ అడిగితే మీ సేల్స్ ఉద్యోగి ముందుగా 600 సీసీ నాలుగు సిలిండర్ల స్పోర్ట్స్ బైక్ చూపించి, "మీరడిగినదానికంటే 50 సీసీ తక్కువే సార్, కొత్తవాళ్లకి ఇదే సేఫ్" అన్నారు. ఉదాహరణకి 650 ట్విన్ అయిన రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 648 సీసీ, 47 హార్స్‌పవర్. నాలుగు సిలిండర్ల యమహా ఆర్6 599 సీసీ, 115 హార్స్‌పవర్ పైమాటే, అదీ ఇంజిన్ నిమిషానికి 14,500 చుట్లు తిరిగేటప్పుడు. యూరప్‌లో పెద్ద బండ్లకి ముందు మెట్టుగా ఇచ్చే ఏ2 లైసెన్స్‌కి పరిమితి పెట్టింది సీసీ మీద కాదు, పవర్ మీద: 35 కిలోవాట్లు, అంటే సుమారు 47 హార్స్‌పవర్. ఆ స్పోర్ట్స్ బైక్ నేను తీసుకోలేదు కాబట్టి నా క్లెయిమ్‌లో అది లేదు. కానీ దాని మీద కూడా "కొత్త రైడర్లకు అనువైనది" అన్న స్టిక్కరే అంటించి ఉంది. ఆ స్టిక్కర్ ఎవరు, ఏం చూసి అంటిస్తారో తెలియజేయండి.

బండి వెనక్కి తీసుకుని పూర్తి సొమ్ము చెల్లించాలి, మెకానిక్ తనిఖీ ఖర్చు కూడా ఇవ్వాలి. కోన్‌సెట్, టైర్లు మార్చి ఇస్తామంటే ఒప్పుకోను. స్టాపర్ నొక్కుకుపోయిన ఫ్రేమ్ తిన్నగా ఉందో లేదో తేలకుండా ఆ బండి నాకు వద్దు. మెకానిక్ రాసిచ్చిన కాగితం, టైరు కోడ్, స్టాపర్, లివర్ల ఫొటోలు, మీ రిపోర్టు కాపీ జతచేశాను. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే ఇవే కాగితాలతో వినియోగదారుల కోర్టుకి వెళతాను.

బండి ప్రస్తుతం నడపడం లేదు. మీ వాహనం పంపించి తీసుకెళ్లాలి, ముందురోజు కబురు చేస్తే తాళాలు, కాగితాలు సిద్ధంగా ఉంచుతాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు