సెరామిక్ పాత్రను శిల్పంగా పరిచయం చేయండి

సంపాదకులకు నమస్కారం.

కళల పుటల్లో సెరామిక్ పాత్రల ఫొటోలు వేసినప్పుడు వాటి కింద ‘పూలకుండీ’ అనో ‘అలంకరణ వస్తువు’ అనో రాసి సరిపెట్టడం తరచూ కనిపిస్తోంది. శిల్పంగా రూపొందిన పాత్రను శిల్పంగానే పేర్కొనాలని, అది ఏ మట్టితో చేసినదో, ఎలా కాల్చినదో కూడా అక్కడే తెలపాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

రాతిలో మొగ్గను చెక్కితే రాయి రాయిగానే ఉంటుంది. మట్టిలో మాత్రం రూపంతో పాటు పదార్థమే మారిపోతుంది. పచ్చి కుండ ఎంత ఎండినా నీళ్లలో వేస్తే మళ్లీ బురదవుతుంది. ఆవంలో వేడి సుమారు 600 డిగ్రీల సెల్సియస్‌కు చేరేసరికి మట్టి రేణువుల్లో రసాయనికంగా ఇమిడిన నీరు సైతం వెళ్లిపోయి, అది ఇక నీటికి కరగని మరో పదార్థమవుతుంది. స్టోన్‌వేర్ మట్టిని, అంటే కాలిస్తే రాయిలా గట్టిపడే మట్టిని, 1200 డిగ్రీలకు పైగా కాల్చినప్పుడు కొంత భాగం గాజులా కరిగి మిగతా రేణువులను పట్టి ఉంచుతుంది. కట్టెల ఆవంలోనైతే ఎగిరిన బూడిద పాత్ర భుజాల మీద వాలి, మట్టిలోని సిలికాతో కలిసి కరిగి, తానే గ్లేజుగా, అంటే గాజులాంటి పూతగా, మారుతుంది. చెట్టు బూడిదై, ఆ బూడిదే పాత్రకు మెరిసే చర్మంగా నిలవడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

డెన్మార్క్ కళాకారుడు ఆక్సెల్ సాల్టో (1889–1961) స్టోన్‌వేర్ పాత్రలు మొగ్గలు తొడిగినట్టు, మొలకలెత్తినట్టు ఉబ్బి ఉంటాయి. గ్లేజు ఆ ఉబ్బుల కొనల మీద పలచబడి, పల్లాల్లోకి జారి చిక్కబడుతుంది. కెన్యాలో పుట్టిన కళాకారిణి మాగ్డలీన్ ఒడుండో గ్లేజు జోలికి పోకుండా, చేత్తో మలిచి నునుపుగా మెరుగుపెట్టిన పాత్రలను కాలుస్తారు. గాలి బాగా ఆడితే అవి నారింజ రంగు తేలతాయి, గాలి అందని పొగలో మరోసారి కాలిస్తే నల్లబడతాయి. కాల్చిన తీరు తెలియని పాఠకుడు ఆ నలుపును రంగు పూత అనుకుంటాడు.

మూతి, మెడ, భుజం, పొట్ట అని పాత్రకు శరీర భాగాల పేర్లే పెట్టుకున్నవాళ్లం కనుక ఇది మనకు కొత్త చూపేమీ కాదు. అయితే పాత్రలో ఖాళీ కూడా శిల్పంలో భాగమే కాబట్టి, పక్క నుంచి తీసిన ఫొటోతో పాటు మూతి వైపు నుంచి లోపలికి తీసిన మరో ఫొటోను, కొలతలను ప్రచురించగలరని మనవి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు