ఆనవాలు

అనంతపురం,
ఆదివారం ఉదయం.

చిరంజీవి పాపకు నాయన ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. మీ అమ్మ మోకాలి నొప్పి కొంత తగ్గింది. నీవు ఫోన్ చేసి మూడు వారాలైంది. ఆఫీసులో పని ఎక్కువై ఉంటుందని నేను అనుకుంటున్నాను, మీ అమ్మ మాత్రం వేరే ఏదో ఉందంటోంది. ఊరిబిండి సీసాలో పెట్టి పంపాము, అందిందో లేదో తెలియజేయగలవు.

మొన్న ధర్మవరం పెళ్లికి వెళ్లాము. అక్కడ భోజనాల బంతిలో తాడిపత్రి మామ పదిమంది వినేటట్టు ఒక మాట అన్నాడు. బెంగళూరు మెజెస్టిక్‌లో నీవు ఆయనకు ఎదురుపడి, ముఖంలోకి నేరుగా చూసి కూడా పలకరించకుండా వెళ్లిపోయావట. ఉద్యోగం వచ్చినాక నీ కళ్లు నెత్తికెక్కాయన్నాడు. పెరుగన్నం కలుపుకొని కూడా తినలేక నేను విస్తరి ముందు నుంచి లేచాను. ఆ రాత్రి నీ మీద నాకు కోపం వచ్చిన మాట నిజం. తెల్లవారేసరికి ఆ కోపం నా మీదికి తిరిగింది, ఎందుకంటే తిరుమల కొండ మీది సంగతి గుర్తుకొచ్చింది.

అప్పటికి నీకు ఎనిమిదేళ్లు. తమ్ముని పుట్టువెంట్రుకల మొక్కు తీర్చడానికి వెళ్లాము. నేను కూడా కల్యాణకట్టలో తలనీలాలతో పాటు మీసం కూడా తీయించుకుని, స్నానం చేసి, నెత్తికి గంధం పూసుకుని బయటికి వచ్చాను. నీవు మీ అమ్మ సంచి పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉన్నావు. నేను నాలుగడుగుల దూరంలో నిలబడి నవ్వితే, స్తంభాన్ని చూసినట్టు నన్ను చూసి తల తిప్పుకున్నావు. అటుగా వెళ్తున్న వేరెవరో పెద్దమనిషి భుజం మీద నా కండువా లాంటి ఆకుపచ్చ కండువా ఉంది. నీవు పరుగెత్తి వెళ్లి ఆయన చేయి పట్టుకున్నావు. ఆయన వదిలించుకోబోతే నాయనా, నాయనా అని ఏడ్చావు. నేను వచ్చి పేరు పెట్టి పిలిచిన తర్వాతే నా గొంతు విని నా కాళ్లను చుట్టుకున్నావు. అప్పుడు నేను చేసినదేమిటి? కన్నతండ్రినే ఆనవాలు పట్టలేవా అని, అంతమంది ముందు నీ మీద చేయి చేసుకున్నాను. కాటేజీకి వెళ్లేదాకా నీవు వెక్కుతూనే ఉన్నావు. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు అడుగుతున్నాను, ఆ దెబ్బకు నన్ను మన్నించు తల్లీ.

దసరాకు గుత్తి అత్త కొడుకు కర్నూలు నుంచి వచ్చాడు. వైద్యం చదువుతున్నాడు కదా, నీ పేరెత్తకుండా మాటవరసకు అడిగినట్టు అడిగాను. ముఖాలు గుర్తుపట్టలేకపోవడానికి ప్రోసోపాగ్నోసియా అనే పేరు ఉందట. ముఖం, ఎరుగకపోవడం అనే అర్థాలున్న గ్రీకు మాటలను కలిపి 1947లో బోడామర్ అనే జర్మన్ వైద్యుడు ఆ పేరు పెట్టాడు. ఆయన పరీక్షించింది తలకు గాయమైనవారిని. కానీ ఏ గాయమూ లేకుండా పుట్టుకతోనే ఇలా ఉండేవారు నూటికి ఇద్దరు దాకా ఉంటారని తర్వాత తెలిసింది. కన్నూ ముక్కూ నోరూ వారికి స్పష్టంగానే కనబడతాయి. వాటన్నిటినీ కలిపి ఇది ఫలానావారి ముఖమని పట్టుకునే పని మాత్రమే మెదడులో సరిగా సాగదు. అందుకే జుట్టునూ నడకనూ గొంతునూ బట్టలనూ గుర్తు పెట్టుకుంటారు. గుండూ గంధమూ చేసి మీసం కూడా తీసేస్తే ఆ పసిపిల్ల చేతికి మిగిలిన ఆనవాలు ఆకుపచ్చ కండువా ఒక్కటే. తెలివితేటలకూ దీనికీ సంబంధం లేదు. ఆలివర్ శాక్స్ అనే ప్రసిద్ధ నాడీవైద్యుడు అద్దంలోని తన ప్రతిబింబాన్నే ఎవరో గడ్డమాయన అనుకుని, తగలబోయినందుకు క్షమించమని అడిగాడట. చింపాంజీల మధ్య ఏళ్ల తరబడి గడిపిన జేన్ గుడాల్ కూడా తనకు ఈ ఇబ్బంది ఉందని చెప్పుకున్నారు.

కవలలను పరీక్షించి 2010లో తేల్చినదాన్ని బట్టి, ముఖాలను గుర్తుపట్టే శక్తి ఎక్కువగా వంశపారంపర్యంగా వచ్చేదేనట. అది వినగానే నాకు మీ జేజి గుర్తుకొచ్చింది. సూదిలో దారం ఎక్కించే చూపు ఉండి కూడా, గడపలో నిలబడిన మనిషి నోరు తెరిచేదాకా పేరు పెట్టి పిలిచేది కాదు. నన్నూ మీ చిన్నాయననూ చెప్పుల చప్పుడుతో పోల్చుకునేది. ఆమెకు గర్వమని ఊరంతా అనేవారు. నేను కూడా కాదని చెప్పలేకపోయాను.

తాడిపత్రి మామను తప్పు పట్టకు. ఆయన ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేశాడు. ఎప్పుడో టిక్కెట్టు తీయకుండా దిగిపోయిన కుర్రవాణ్ణి తల నెరిసిన తర్వాత సంతలో చూసి పట్టుకున్న మనిషి. అలాంటివారు కూడా వేరుగా ఉంటారని 2009లో పరిశోధకులు గుర్తించి, వారికి సూపర్ రికగ్నైజర్లని పేరు పెట్టారు. లండన్ పోలీసులు కెమెరా దృశ్యాల్లో నేరస్థులను పట్టడానికి ఇటువంటివారిని ఎంచుకున్నారు. ఒకసారి చూసిన ముఖం ఎన్నేళ్లకైనా మరిచిపోని మనిషికి, ఎదుటివారు తనను గుర్తుపట్టలేదంటే చూడదలచుకోలేదనే తోస్తుంది. ఈ సంగతి నేను స్వయంగా తాడిపత్రికి వెళ్లి ఆయనకు చెప్పి వస్తాను.

నీకు ఇదే ఉందని నేను తీర్మానించడం లేదు. ఉపదేశం చేయకూడదని కూర్చున్నాను, అయినా చెప్పక తప్పదు. ఆఫీసులో కొత్తవారు కలిసినప్పుడు, నాకు ముఖాలు తొందరగా గుర్తుండవు, కనబడితే మీరే పేరు చెప్పి పలకరించండి అని ముందుగానే అనేయి. తెలిసినట్టు నటించవద్దు. చీకటి పడిన తర్వాత ఎవరైనా బంధువునని చెప్పి బండి ఎక్కమంటే గొంతు తెలియకుండా ఎక్కవద్దు, ముందు నాకు ఫోన్ చెయ్యి. వేళకు తిను. నిద్ర చెడగొట్టుకోవద్దు.

మాఘమాసంలో చిన్నాయన కొడుకు పెళ్లి. సెలవు దొరకదని తమ్మునితో అన్నావట. సెలవు సంగతేనా, లేక అంతమంది బంధువుల మధ్య ఎవరిని ఏమని పిలవాలో తెలియక భయపడుతున్నావా? అదే అయితే రా తల్లీ. నేను రెండు రోజులూ నీ పక్కనే నిలబడి, వచ్చే ప్రతివారినీ నీకంటే ముందుగా వరసపెట్టి పిలుస్తాను. ఏ బస్సులో వస్తున్నావో తెలియజెయ్యి. ఆకుపచ్చ కండువా వేసుకుని బస్టాండులో గేటు దగ్గరే ఉంటాను, నీవు దిగగానే పేరు పెట్టి పిలుస్తాను.

ఇట్లు,
నాయన